రంగు పూసిన సొరబుర్ర

ప్రతి ఏడూ చలికాలం మొదలయ్యే వేళకు మా బడికి ఒక కాగితం వస్తుంది. విజ్ఞాన మేళాకు పిల్లల చేత ప్రాజెక్టులు చేయించి తీసుకురమ్మంటుంది. ప్రాజెక్టు సులువుగా ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి, చుట్టుపక్కల దొరికే వస్తువులతోనే చేయాలి, పిల్లలు సొంతంగా ఆలోచించాలి. ఇన్ని మంచి మాటలు ఒక్క కాగితం మీద చూసి మొదట్లో ముచ్చటపడేదాన్ని. ఇప్పుడు చదవకుండానే సంతకం పెట్టి పక్కకు తోసేస్తాను.

నేను బస్తర్ వైపు సుక్మా జిల్లాలో రోడ్డు పక్కనున్న ఒక ఆడపిల్లల ఆశ్రమశాలలో సైన్సు చెప్తాను. మాది కోంటా. అక్కడ నాన్నకు కిరాణా దుకాణం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో ఏది నోటికొస్తే అది. మా బడిలో గోండీ పిల్లలున్నారు, దక్షిణం వైపు ఊళ్ల నుంచి వచ్చిన దోర్లా పిల్లలున్నారు. దోర్లా పిల్లలకు తెలుగు బాగానే వస్తుంది. తరగతిలో హిందీలో నోరు మెదపని పిల్ల వరండాలోకి రాగానే నాతో తెలుగులో గలగలా మాట్లాడుతుంది. ఆ పిల్లలకు మందబుద్ధి అని స్టాఫ్ రూములో ఎవరైనా అంటే అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

మేళాలో ఏం ఉంటాయో చూడకుండానే చెప్పగలను. అగ్నిపర్వతం ఒకటి తప్పకుండా ఉంటుంది. మట్టికొండ కట్టి, నడినెత్తిన గుంత చేసి, అందులో వంటసోడా వేసి, ఎర్రరంగు కలిపిన వెనిగర్ పోస్తారు. అది బుస్సుమని పొంగగానే వచ్చిన అతిథి చప్పట్లు కొడతాడు. బస్తర్‌లో అగ్నిపర్వతం ఎవరు చూశారో నాకైతే తెలియదు. తర్వాత థర్మోకోల్ సూర్యుడు, చుట్టూ థర్మోకోల్ గ్రహాలు. ఆ తర్వాత గాలిమర. ఇవన్నీ జగదల్‌పూర్‌లో తయారుగా దొరుకుతాయి. బడి పేరు మార్చి అట్టముక్క అతికిస్తే సరిపోతుంది. ఒకసారి మేము కొన్న గాలిమరే మరుసటి ఏడు ఇంకో బడి బల్ల మీద కనబడింది. దాని విరిగిన రెక్కకు నేనే అంటించిన టేపు అలాగే ఉంది. మోటారు పనిచేయడం లేదని బల్ల కింద ఒక పిల్లను కూచోబెట్టి చేత్తో తిప్పిస్తున్నారు. పైన పటారం, లోన లొటారం.

ఆ ఏడు కూడా అలాగే గడిచిపోయేది. ఎనిమిదో తరగతిలో ఒక దోర్లా పిల్ల ఉండేది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ కిటికీ పక్కన కూచునేది. తరగతిలో ఆమె గొంతు నేను విన్నది తక్కువ. ఒక మధ్యాహ్నం అన్నాల తర్వాత వరండాలో నా పక్కకు వచ్చి నిలబడింది. ఏంది బిడ్డా అన్నాను. అప్పుడు అడిగింది.

“మేడమ్, మా అవ్వ బుర్రల పోసిన నీళ్లు పొద్దుగూకేదాక సల్లగుంటయి. బాటిల్ల నీళ్లు గంటకే వేడైతయి. ఎందుకట్ల?”

ఎండిన సొరకాయను తొలిచి చేసే బుర్ర గురించి ఆమె అంటున్నది. ఇక్కడి హల్బీ భాషలో తుంబా అంటారు. పొలానికి పోయినా అడవికి పోయినా ఇక్కడి వాళ్లు నీళ్లో అంబలో అందులోనే తీసుకుపోతారు. ఇప్పుడు ప్లాస్టిక్ బాటిళ్లు వచ్చి వాటిని వెనక్కి నెట్టాయి. ఆ బాటిళ్లు అమ్మేవాళ్లలో మా నాన్న కూడా ఒకడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్లలు నన్ను అడిగినవి చాలా ఉన్నాయి. మేడమ్, ఇది పరీక్షకు వస్తుందా? మేడమ్, నీళ్లకు పోవచ్చా? ఎందుకు అని అడిగిన పిల్ల మాత్రం ఆమే. మా బడి అనేది ‘ఎందుకు’ అనే మాటను పిల్లల నోట్లో నుంచి తుడిచేసే చోటు. దాన్ని దాటుకుని ఈ ప్రశ్న ఎట్లా బతికిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఈ ఏడు మన ప్రాజెక్టు ఇదే అని అక్కడికక్కడే చెప్పాను.

మా పెద్ద మేడమ్‌కు, అంటే మా ప్రధానోపాధ్యాయురాలికి, అది నచ్చలేదు. రాయ్‌పూర్ వైపు మనిషి, హిందీలో తియ్యగా మాట్లాడుతుంది. సొరకాయలో సైన్సేమిటని నవ్వింది. జగదల్‌పూర్ నుంచి ఉపగ్రహం మోడల్ తెప్పిద్దామనుకుంటున్నానంది. అది తెప్పించండి, ఇది కూడా ఉండనివ్వండి అని నేను పట్టుబట్టాను. నాతో వాదన పెట్టుకోవడం ఆమెకు ఇష్టం ఉండదు. చివరికి బీరువా తాళం ఇచ్చింది.

ఆ బీరువాలో సర్కారు ఇచ్చిన సైన్సు సామాను ఉంటుంది. పగిలితే జవాబు చెప్పాలని దాన్ని ఎవరూ బయటికి తియ్యరు. పగలకుండా ఉండాలని పిల్లలకు చూపించని సామానును ఎందుకు పంపుతారో పంపేవాళ్లకే తెలియాలి. దూదిలో చుట్టిన థర్మామీటరు ఒకటి దొరికింది. మైక్రోస్కోపు కూడా ఉంది కానీ దాని కటకాలు లేవు. ఎప్పుడు పోయాయో, అసలు వచ్చాయో లేదో చెప్పేవాళ్లు లేరు.

ఆ పిల్ల సెలవుకు ఇంటికి పోయి వాళ్ల అవ్వ బుర్ర తెచ్చింది. పొయ్యి మీద వేలాడి వేలాడి పొగచూరి నల్లబడింది. మెడకు అల్లిన తాడు కూడా నల్లగానే ఉంది. దానితోపాటు పగిలిన పాత బుర్ర పెంకు ఒకటి కూడా తెచ్చింది. అది ఎందుకని అడిగితే, లోపల ఎట్లుందో సూడాలె గదా మేడమ్ అంది.

పని మొత్తం ఆమెదే. పొద్దున్నే బోరింగు నీళ్లు ఒకే బకెట్టులో పట్టి, బుర్రలో, ప్లాస్టిక్ బాటిల్‌లో, స్టీలు చెంబులో సమంగా పోసేది. వరండాలో పక్కపక్కన పెట్టేది. మధ్యాహ్నం, సాయంత్రం థర్మామీటరు పెట్టి చూసేది. కొన్నాళ్లు పోయాక ఆమే వాటి చోట్లు మార్చడం మొదలుపెట్టింది. గాలి ఒక్కదానికే ఎక్కువ తగులుతున్నదేమో అని ఆమె అనుమానం. ఆ మాట నేను చెప్పలేదు. ఒకరోజు బుర్ర కింద పాత పేపరు పరిచింది. సాయంత్రానికి పేపరు చెమ్మగిల్లింది. ఆ తడి పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకు పరుగెత్తుకొచ్చింది. లోపల పాఠం గురించి కాక జీతాల గురించి మాట్లాడుకుంటున్న మేమందరం తలలెత్తి చూశాం.

బుర్రకు కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయనీ, నీరు వాటిలోంచి కొంచెం కొంచెం బయటికి ఊరి ఆరిపోతుందనీ, ఆరేటప్పుడు వేడిని లాక్కుపోతుందనీ చెప్పాను. చెమట పట్టినప్పుడు గాలి తగిలితే చల్లగా ఉండదా, అదే ఇది అన్నాను. ఆమె పెంకును వెలుతురుకు పెట్టి చూసింది.

“ఆ రంధ్రాలు మీరు సూసిన్రా మేడమ్?”

లేదన్నాను. పుస్తకంలో చదివిందే చెప్పానన్నాను. మైక్రోస్కోపులో పెడితే కనబడతాయని, మన దగ్గరున్న దానికి కటకాలు లేవని చెప్పాను. జిల్లా మేళాలో ఎంపికైతే జగదల్‌పూర్ పెద్ద మేళాకు తీసుకుపోతారు, అక్కడికి వచ్చిన పిల్లలందరినీ ఒక కాలేజీ ప్రయోగశాలకు తోలుకుపోయి మైక్రోస్కోపు చూపిస్తారు, అది ఏటా జరిగేదే అని కూడా చెప్పాను. ఆ రోజు నుంచి ఆమెకు గెలవడం అంటే అదొక్కటే. కప్పు వద్దు, కాగితం వద్దు, ఆ పెంకును మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. పెంకులో చిన్న ముక్క విరిచి కంపాస్ పెట్టెలో దాచుకుంది.

తెల్లని చార్టు మీద తనే గీతలు గీసింది. బుర్రకు నీలం గీత, బాటిల్‌కు ఎర్ర గీత. పొద్దున ఒకచోట మొదలై సాయంత్రానికి రెండూ విడిపోయేవి. చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. చూసేవాళ్లు ఉండాలి అంతే.

మేళా పొద్దున నేను బడికి వచ్చేసరికి పిల్లలంతా వంటగది ముందు గుమిగూడి ఉన్నారు. మధ్యలో స్టూలు మీద బుర్ర ఉంది. అది మా బుర్రేనని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. ఒళ్లంతా ఎర్రని ఆయిల్ పెయింటు, దాని మీద తెల్లగా కొమ్ముల తలపాగాల మగవాళ్లు, చేతులు పట్టుకుని ఆడుతున్న ఆడవాళ్లు, ఆపైన తళతళలాడే వార్నీషు. ముందురోజు నేను ఇంటికి పోయాక పెద్ద మేడమ్ గోడల మీద నినాదాలు రాసే పెయింటర్‌ను పిలిపించిందట. అంత మురికి తుంబాను అతిథుల ముందు పెడితే బడి పరువేం కావాలి అన్నది ఆమె మాట. నన్ను చూసి, ఎంత బాగుందో చూశారా అని మురిసిపోయింది. ఆమెకు నా మీద కోపమేమీ లేదు. ఉపకారం చేశాననే అనుకుంటోంది.

రంధ్రాలన్నీ మూసుకుపోయాయి, ఇక ఇది బాటిల్‌తో సమానం అన్నాను. ఆమె నా వంక జాలిగా చూసింది. రంగు పైన కదా వేశాం, నీళ్లు లోపల కదా పోస్తారు అంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే వాళ్లతో ఏం మాట్లాడతాం?

ఆ పిల్ల దూరంగా నిలబడి ఉంది. నేను దగ్గరికి పోతే మెల్లగా అంది.

“దీనికి ఇగ ఊపిరి ఆడదు మేడమ్. గీకుదమా?”

గీకుదాం పద అన్నాను. ఇద్దరం బోరింగు దగ్గర కూచుని కంపాస్ ముల్లుతో, గాజు ముక్కతో గీకడం మొదలుపెట్టాం. బొమ్మల్లో ఒక ఆటగాడి తలపాగా ఊడివచ్చిందో లేదో పెద్ద మేడమ్ వచ్చి బుర్ర లాక్కుంది. టీచరై ఉండి పిల్లతో కలిసి బడి ఆస్తి పాడు చేస్తానా అని అందరి ముందు నన్ను కడిగేసింది. అది బడి ఆస్తి కాదు, ఆ పిల్ల అవ్వది అన్నాను. జీపు హారను కొట్టింది. దారిలో సంత జరుగుతుంటే ఆపమన్నాను, ఇంకో బుర్ర దొరుకుతుందని. ఆలస్యమవుతుందని ఆపలేదు. ఆ పిల్ల జీపు కిటికీలోంచి సంతను అది కనబడినంత సేపూ చూసింది.

మేళాలో మా బల్ల ఉపగ్రహం పక్కనే. ఆమె పొద్దున్నే నీళ్లు పోసి పెట్టింది. మధ్యాహ్నం దాటాక నిర్ణేత వచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్పే పెద్దమనిషి, చేతిలో అట్ట, జేబులో రెండు పెన్నులు. హిందీలో నెమ్మదిగానే అడిగాడు. ఆ పిల్ల బుర్రలో థర్మామీటరు పెట్టి తీసింది, బాటిల్‌లో పెట్టి తీసింది. రెండూ ఒకటే. ఆమె ముఖం చూశాను. ఏమీ ఆశ్చర్యపోలేదు. ఇలాగే వస్తుందని ఆమెకు పొద్దునే తెలుసు.

రంగు వెయ్యకముందు ఇలా లేదు సార్ అని వచ్చీరాని హిందీలో చెప్పబోయింది. చార్టు చూపించింది. నేను కల్పించుకుని వార్నీషు సంగతి చెప్పాను. ఆయన నన్ను చేయెత్తి ఆపాడు. టీచర్లు మాట్లాడకూడదన్నాడు. తర్వాత ఆ పిల్ల తల నిమిరి, పాత ఆచారాల మీద మనకు గౌరవం ఉండాలి బేటీ, కానీ సైన్సుకు రుజువు కావాలి అని, పక్క బల్ల దగ్గరికి జరిగాడు. రుజువు నీలం, ఎర్ర గీతలుగా ఆయన మోచేతి పక్కనే వేలాడుతోంది. దాన్ని చూడటానికి ఆయన తల కొంచెం తిప్పితే చాలు. తిప్పలేదు. పక్క బల్ల మీద ఉపగ్రహానికి బల్బు వెలిగింది. ఆయన బాగా రాసుకున్నాడు.

మొదటి బహుమతి అగ్నిపర్వతానికి వచ్చింది. రెండోది మా ఉపగ్రహానికి. దాన్ని డబ్బాలోంచి తీసి పెట్టిన పిల్లలు బల్బు ఎందుకు వెలిగిందో చెప్పలేరు, పాపం వాళ్లను ఎవరూ అడగనూ లేదు. ఇక బల్ల సర్దుతుంటే గోరుచుట్టు మీద రోకటిపోటులా మేళా ఏర్పాట్లు చూసే అధికారి వచ్చాడు. బుర్రను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఎంత అందమైన తుంబా, ఎవరిదన్నాడు. ఆ పిల్లను చూసి, ఈమెను జగదల్‌పూర్ పంపాల్సిందే అన్నాడు. అక్కడ అతిథులకు స్వాగతం చెప్పే నాట్య బృందంలో ఒక పిల్ల తక్కువైందట. ఈ తుంబా భుజాన వేసుకుని ముందు వరుసలో నిలబడితే నిండుగా ఉంటుందట.

పెద్ద మేడమ్ సంతోషం చెప్పతరం కాదు. చూశారా, నేను రంగు వేయించబట్టే కదా, ఎలాగైతేనేం ఎంపికైంది కదా అంది నాతో. నేను మేళా ముంగిట్లోనే అరిచాను. సైన్సుకు వచ్చిన పిల్లను ఆడటానికి పంపుతారా అన్నాను. అధికారి, మీ పిల్లకు అవకాశం ఇస్తుంటే మీరే అడ్డుపడతారేమిటి మేడమ్ అన్నాడు. ఆదివాసీ పిల్లలు ఎక్కడికి పోయినా మొదట ఆడాలి. మంత్రి వస్తే ఆడాలి, కలెక్టరు వస్తే ఆడాలి, మరుగుదొడ్డి ప్రారంభోత్సవానికి కూడా ఆడించిన రోజులు నేను చూశాను. పండగకు వాళ్ల ఊళ్లో వాళ్లు ఆడుకునేది వేరు. ఎండలో నిలబెట్టి ఆడించేది వేరు. ఆ తేడా నేను చెప్తే వినేవాళ్లకు చాదస్తంలా ఉంటుంది.

తిరుగు దారిలో ఆ పిల్ల నన్ను ఒకటే అడిగింది.

“జగదల్‌పూర్ పోతన్నం గదా మేడమ్. ఆ పెద్దగ సూపే అద్దం మాకు గూడ సూపిస్తరా?”

ముందు సీట్లో ఉన్న పెద్ద మేడమ్‌ను అడిగాను. అందరికీ చూపిస్తారు, ఎందుకు చూపించరు అంది వెనక్కి తిరగకుండానే. ఆ మాటనే తెలుగులో పిల్లకు చెప్పాను. ఆమె కంపాస్ పెట్టె తెరిచి పెంకు ముక్క ఉందో లేదో చూసుకుని మూసింది.

జగదల్‌పూర్‌కు నన్ను పంపలేదు. నాట్యానికి సైన్సు టీచరు ఎందుకు? పిల్ల వెంట వార్డెన్ పోయింది. వాళ్లు పోయిన రోజుల్లో తరగతికి పోయి కిటికీ పక్క ఖాళీ చోటు చూస్తూ పాఠం చెప్పాను. ఈపాటికి చూసే ఉంటుంది, వచ్చి ఏం అడుగుతుందో, జవాబు నాకు తెలుస్తుందో లేదో అనుకున్నాను. పాత పుస్తకం తీసి మొక్కల కణజాలం పాఠం మళ్లీ చదువుకున్నాను కూడా.

వాళ్లు వచ్చిన మరుసటి రోజు ఆమె స్టాఫ్ రూము గడపలో నిలబడింది. బుర్ర భుజానికి వేలాడుతోంది. చేతిలో మెరిసే ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ ఉంది. ఆడిన పిల్లలందరికీ అదే బహుమతట. నేను లేచి ఎదురుపోయాను.

“సూసినవా బిడ్డా?”

ఆమె కంపాస్ పెట్టె తెరిచి పెంకు ముక్క నా చేతిలో పెట్టింది.

“లేదు మేడమ్. సైన్సు పిల్లలను తోలుకపోయిన్రు. నేను అడిగిన. మీది డాన్స్ గదా అన్నరు.”

బాధపడకు అనడానికి సిగ్గేసింది. వెనక స్టాఫ్ రూములో ఎవరో నాట్యం ఫోటోలు ఫోనులో చూపిస్తున్నారు, పిల్ల ఎంత ముద్దుగా ఉందో అంటున్నారు. పెద్ద మేడమ్ ఆ ఫోటో పెద్దది చేయించి గోడకు పెట్టిద్దామంటోంది. ఆ పిల్ల అటు చూడలేదు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“పెద్దసారు వచ్చేదాక మమ్మల్ని ఎండల నిలవెట్టిన్రు మేడమ్. అప్పుడు బుర్రల నీళ్లు తాగి సూసిన. పక్క పిల్ల బాటిల్ల నీళ్లు గూడ తాగి సూసిన. రెండూ ఒకతీరే ఉడుకుతన్నయి. థర్మామీటరు నన్ను తేనియ్యలే, లేకుంటే రాసుకొస్తును.”

బాటిల్‌ను నా బల్ల మీద పెట్టి, ఇది మీరే ఉంచుకోండని చెప్పి, గంట కొట్టారని తరగతికి వెళ్లిపోయింది.